మొదటి హెచ్చరిక



భద్రాచలము రేవున గోదావరి నీటిమట్టము 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది వెలువడునని ఈ ప్రాంతమున పలక పట్టిన పిల్లవానికి సైతము తెలియును. 1986 ఆగస్టులో 75.6 అడుగులెక్కి ఊళ్లకు ఊళ్లను ముంచిన నదిని కన్నవారు, 2022 జూలైలో మరల 71.3 అడుగుల ఎత్తున వచ్చిన నీటిని చూచి, గోడలపై వెనుకటి గుర్తులను వ్రేళ్లతో తడిమి మనుమలకు చూపిరి. అయినను మొదటి హెచ్చరిక విన్నంతనే ఇల్లు కూలద్రోసికొని కొండెక్కినవాడు లేడు. విని, ముసుగుతన్ని పండుకొన్నవాడును లేడు. గొడ్లను విప్పి మెరకకు తోలుదురు, ధాన్యపు బస్తాలను అటుక మీదికి చేర్తురు, ఎగువన పేరూరు వద్ద నీరెంత యున్నదో విచారింతురు, ఆపైన వేచియుందురు. పెక్కు సంవత్సరములలో నీరు ఆ గీతను దాటి, ఒకటి రెండు దినములు నిలిచి, తన దారిని తాను దిగిపోవును.

ఈ సాయంకాలము నేను మాటలాడవలసినది నదిని గూర్చి కాదు, గర్భవతులకు చేయు ముందస్తు పరీక్షలను గూర్చి, అవి ఎంతవరకు నమ్మదగినవి, వానిని చేత బట్టుకొని తలిదండ్రులు ఏమి నిర్ణయించుకొందురు అను సంగతిని గూర్చి. నేను వైద్యుడను కాను. మన్యపు ఆశ్రమ పాఠశాలలలో ముప్పదియేండ్లు గణితము చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. కావున ఈ విషయమున నాకు చేతనైనది లెక్క ఒక్కటే. కాని ఈ విషయమున తప్పులు జరుగుచున్నదియు ఎక్కువగా లెక్కలోనే.

కొన్నియేండ్ల క్రిందట వరుసకు నాకు కూతురగు ఒక అమ్మాయి మూడవ నెల గర్భముతో ఉండి, ఒకనాటి మధ్యాహ్నము పాల్వంచ నుండి నాకు ఫోను చేసినది. డబుల్ మార్కర్ అను రక్తపరీక్షయు, బిడ్డ మెడ వెనుక నీటిపొర మందమును కొలుచు స్కానింగును చేయించుకొన్నదట. "రిపోర్టులో ఎర్రక్షరాలతో హై రిస్క్ అని పడింది బాబాయ్. డాక్టరుగారు బాగా రద్దీలో ఉన్నారు, హైదరాబాదు పోయి చూపించుకోమన్నారు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ అంటున్నారు అత్తగారు" అని చెప్పి, చెప్పలేక ఆగిపోయినది. "ఎర్రక్షరముల ప్రక్కన ఏదైన అంకె యున్నదా, చూడు" అంటిని. చూచి, 180కి 1 అని ఉన్నదనెను.

శ్రోతలారా, ఆ అంకెకు అర్థమేమి? అటువంటి రిపోర్టు వచ్చిన 180 మంది తల్లులను ఒక వరుసలో నిలిపినచో, వారిలో ఒకరి బిడ్డకు మాత్రమే ఆ లోపము ఉండగల దనియు, 179 మంది బిడ్డలకు ఉండబోదనియు అర్థము. మరి ఎర్రక్షరములెందుకు? 250కి 1 అను అంకెను పరీక్షాశాలవారు ఒక గీతగా గీచియుంచిరి; అంతకు మించిన అనుమానమున్నచో ఎఱ్ఱసిరా, తగ్గినచో పచ్చసిరా. 43 అడుగుల గీత వంటిదే ఇదియును. మనుష్యుడు గీచినది, దేవుడు గీచినది కాదు. ఆ గీతను 35 అడుగులకు దించినచో ఏటేట ఊరక కేకలు పెట్టవలెను, 60 అడుగులకు ఎత్తినచో కేక పెట్టునప్పటికి ఇండ్లు నీట నుండును. ఎచ్చట గీచినను కొందరిని వృథాగా భయపెట్టకయు, కొందరిని పొరపాటున విడిచిపెట్టకయు ఉండు గీత ఈ లోకమున లేదు.

దీనినే మఱియొక విధముగా చెప్పెదను. కాగితము, కలము దగ్గరనున్నవారు వ్రాసికొనుడు. పదివేలమంది గర్భవతులున్నారనుకొందము, వారిలో వేయింటికొకరి చొప్పున పదిమంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉన్నదనుకొందము. మొదటి మూడు నెలల ఈ పరీక్ష ఉన్న లోపమును నూటికి తొంబది వంతులు పట్టును, లేని లోపమును ఉన్నదని నూటికి అయిదుమారులు చూపును. "తొంబది శాతము సరియైన పరీక్ష" అని వినగానే ఎఱ్ఱసిరా వచ్చిన నూటికి తొంబదిమంది బిడ్డలకు లోపమున్నదని లోకము భావించును. ఇక లెక్క చూడుడు: పదిమందిలో తొమ్మిది మందిని పరీక్ష పట్టినది. మిగిలిన 9,990 మందిలో నూటికి అయిదుగురి చొప్పున ఇంచుమించు 500 మందికి ఊరక ఎఱ్ఱసిరా పడినది. మొత్తము 509 మంది ఏడ్చుచుండగా, వారిలో నిజముగా ఆ లోపమున్న బిడ్డల తల్లులు తొమ్మండుగురు. అనగా నూటికి ఇద్దరు కూడ కారు. తొంబది శాతమన్న మాట అబద్ధము కాదు, మన మనుకొన్న ప్రశ్నకు అది జవాబు కాదు, అంతియే. పరీక్ష ఎంత మంచిదో చెప్పుటకు పరీక్ష ఒక్కటియే చాలదు. ఎవరికి చేసితిమో, వారిలో ఆ వ్యాధి ఎంత అరుదో అదియును చెప్పవలెను. ఇరువది యేండ్ల అమ్మాయికిని, డౌన్ సిండ్రోమ్ సంభావ్యత ఇంచుమించు నూటికొకటిగా ఉండు నలువది యేండ్ల స్త్రీకిని అదే రిపోర్టు వచ్చినచో, దాని బరువు ఇద్దరికి ఒక్కటి కాదు.

1997లో హాంకాంగ్ వైద్యశాస్త్రజ్ఞుడు డెనిస్ లో, ఆయన సహచరులును తల్లి రక్తములో బిడ్డ డి.ఎన్.ఏ. తునియలు తిరుగాడుచుండునని కనుగొనిరి. దానిపై ఆధారపడి వచ్చిన ఎన్.ఐ.పి.టి. అను పరీక్ష పాతవానికన్న ఎంతయో నిశితమైనది, పదవ వారము నుండి చేయవచ్చును. కాని వెల వేలరూపాయలలో నుండును, మా అడవి అంచున దొరకునది కాదు. దొరికినను అదియు జల్లెడ వంటి పరీక్షయే కాని తీర్పు కాదు. తీర్పు వంటి పరీక్ష ఉమ్మనీటిని గాని మాయలోని చిన్న ముక్కను గాని సూదితో తీసి చేయునది. దానివలన గర్భము జారు ప్రమాదము నూటికి ఒకటి కన్న తక్కువ, కాని శూన్యము కాదు.

మా అమ్మాయి అన్ని మాటలును విని, కొంతసేపు ఊరకుండి, "ఆ నూట ఎనభైలో ఒకటి నేనైతే బాబాయ్?" అన్నది. గణితమునకు ఇచ్చట నోరు లేదు. ఆమెయు భర్తయు మూడు దినములు ఆలోచించుకొని, సూది వలదనుకొని, అయిదవ నెలలో బిడ్డ అవయవములను చూచు టిఫా స్కానింగు మాత్రము చేయించుకొనిరి. అందులో బిడ్డ గుండెలో ఒక తెల్లని చుక్క కనబడినదని మరల ఒక వారము నిద్రలేదు. అటువంటి చుక్కలు ఆరోగ్యవంతులగు బిడ్డలలోను కొందరికి కనిపించునని పిమ్మట తెలిసినది. ఆ పిల్ల నేడు మా ఇంటికి వచ్చినప్పుడెల్ల నా కళ్లజోడు దాచిపెట్టును. ఇది చూచి "చూచితిరా, పరీక్షలన్నియు వట్టివి" అనువారున్నారు. మరియొక ఇంట నేనెరిగిన దంపతులకు పచ్చసిరా కాగితము వచ్చినది, బిడ్డ డౌన్ సిండ్రోమ్‌తోనే పుట్టినది. వారు ఆ బిడ్డను కంటికి రెప్పవలె సాకుచున్నారు. వారి బాధ బిడ్డను గూర్చి కాదు, "ఏమీ లేదు, నిశ్చింతగా ఉండండి" అన్న ఒక్క మాటను గూర్చి. "తక్కువ" అని వ్రాసియున్న కాగితమును "లేదు" అని చదివి వినిపించిరి. టిఫా స్కానింగు విషయమును అంతియే. పుఱ్ఱె యేర్పడని బిడ్డను అది తప్పక పట్టును, గుండెలోని చిన్న రంధ్రమును విడువవచ్చును. యంత్రము, చూచువాని నేర్పు, బిడ్డ పడుకొన్న తీరు ఈ మూడును కలిసి రావలెను.

ఇంతవరకు చెప్పినది పట్టణపు సంగతి. మా ప్రాంతపు అసలు సంగతి రక్తములో నున్నది.

పూర్వము మైదానపు ఉద్యోగులు మన్యమునకు బదిలీయైనచో ఇంటిల్లిపాది కన్నీరు పెట్టుకొనెడివారు, మన్యపు జ్వరము, అనగా మలేరియా, అట్టిది. తరతరములుగా ఆ జ్వరములోనే పుట్టి పెరిగిన జనులలో ప్రకృతి ఒక విచిత్రమైన రాజీ చేసికొన్నది. రక్తములో ఎఱ్ఱకణమునకు రంగునిచ్చు హిమోగ్లోబిన్‌లో ఒక చిన్న మార్పు తల్లి నుండి గాని తండ్రి నుండి గాని ఒక్కవైపు నుండియే వచ్చినచో, ఆ బిడ్డకు మలేరియా మరణము నుండి కొంత రక్షణ కలుగును. ఇరువైపుల నుండి వచ్చినచో ఎఱ్ఱకణములు కొడవలి వలె వంగి, సన్నని రక్తనాళములలో చిక్కుకొని, ఎముకలు విరిగినట్లు నొప్పులు పుట్టించును; దీనినే సికిల్ సెల్ వ్యాధి యందురు. కొడవలి కణములను 1910లో షికాగో నగరమున హెరిక్ అను వైద్యుడు లోకమునకు వెల్లడించెను. అది అణువులోని లోపమని 1949లో లైనస్ పాలింగ్ చూపెను. మలేరియాతో దాని చుట్టరికమును 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో నిరూపించెను. మన కోయ గూడెములలో ఈ మార్పు కలదు. మైదానపు పల్లెలలోను లంబాడీ తండాలలోను తలసేమియా అను మరియొక రక్తదోషము కలదు. దాని పూర్తిరూపమున పుట్టిన బిడ్డలు రెండు మూడు వారములకొకసారి రక్తమెక్కించుకొనుటకు తల్లి కొంగు పట్టుకొని ఖమ్మము బస్సెక్కుచుందురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సికిల్ సెల్‌ను, తలసేమియాను కూడ వైకల్యములుగా గుర్తించినది.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన ఉద్యమము, 2047 నాటికి ఈ వ్యాధిని రూపుమాపవలెనని, నలువదియేండ్లలోపు వయసుగల ఏడు కోట్ల మందికి రక్తపరీక్ష చేయదలచినది. మా చర్ల, దుమ్ముగూడెము, పినపాక వైపు ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు గూడెముల వెంట తిరిగి వ్రేలి చివర చుక్క రక్తము తీయుట నేను కన్నాను. ఆ చుక్కను ఒక ద్రావకములో వేయుదురు. వెనుక పట్టిన గీతలు స్పష్టముగ కనబడినచో మంచిది, మబ్బుపట్టి కనబడకున్నచో సికిల్ లక్షణమున్నదని అనుమానము. సులభమైన పరీక్ష, చౌకయైన పరీక్ష. కాని ఒకవైపు నుండి మార్పు వచ్చిన వాహకునికిని, ఇరువైపుల నుండి వచ్చిన రోగికిని ఆ మబ్బు ఒక్కలాగుననే పట్టును. ఆరు నెలల లోపు శిశువు రక్తములో గర్భకాలపు హిమోగ్లోబిన్ ఇంకను మిక్కుటముగా నుండుటచేత, రోగము ఉన్నను మబ్బు పట్టకపోవచ్చును. రక్తము మిక్కిలి తక్కువైనవారికి, ఇటీవల రక్తమెక్కించుకొన్నవారికి కూడ పరీక్ష తప్పవచ్చును. అందుచేతనే హెచ్.పి.ఎల్.సి. వంటి రెండవ పరీక్షతో నిర్ధారించుకొనక ఎవ్వరికిని పేరు పెట్టరాదు. తలసేమియా వాహకులను వెదకు ఒంటి గొట్టపు పరీక్ష నెస్ట్రాఫ్ట్ కథయు ఇట్టిదే. ఇనుము చాలని స్త్రీకి కూడ అందులో గీత మరుగుపడును. ఏ గడప త్రొక్కినను రక్తహీనత గల గర్భవతి కనబడు మా ప్రాంతమున ఆ పరీక్ష ఎన్ని వృథా కేకలు పెట్టునో ఊహించుకొనవచ్చును. పైగా అదే ఇనుము లేమి, రెండవ పరీక్షలో తలసేమియా గుర్తును ఒక్కొక్కప్పుడు కప్పివేయును. ఒకే కొరత ఒకచోట లేనిదానిని చూపి, మరియొకచోట ఉన్నదానిని దాచుచున్నది!

ఇరువురు వాహకులు పెండ్లాడినచో ప్రతి కాన్పునను బిడ్డకు రోగము వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశమున్నది. ఈ "నాలుగింట ఒకటి" అను మాటను మావారు అర్థము చేసికొన్న తీరు మహావిచిత్రము. "మొదటి పిల్లకు వచ్చింది కదా సారూ, ఇంక మూడు కాన్పుల దాకా భయం లేదంట" అని ఒక తండ్రి నాతో ధైర్యముగా చెప్పెను. గోదావరి పోయిన సంవత్సరము పొంగినది గదాయని ఈ సంవత్సరము మూడు హెచ్చరికలు మానుకొనునా? ప్రతి కాన్పు ఒక క్రొత్త వర్షకాలము. ఆయనను తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. సంభావ్యతను పదవతరగతిలో నాణెములతో, పాచికలతో చెప్పితిని గాని, ఇంటి లెక్కగా ఏనాడును చెప్పలేదు.

అయినచో గర్భము నిలిచిన పిమ్మట కాక, పెండ్లికి ముందే చూచుకొనుట మేలు గదా యందురు. మేలే, కాని దానికిని ఒక వెల కలదు. గ్రీసు దేశమున ఆర్కోమెనోస్ ప్రాంతములో లోగడ ఊరందరికిని సికిల్ పరీక్ష చేసి, వాహకులకు వాహకులు పెండ్లి కాకుండ చూడవలెనని వైద్యులు సంకల్పించిరి. వాహకులు వెలివడినవారివలె చూడబడుటచే సంగతి దాచి పెండ్లాడిరి, వైద్యులెదురుచూచిన ఫలము దక్కలేదు. అమెరికాలో 1972లో సికిల్ సెల్ చట్టము వచ్చిన దినములలో, ఏ జబ్బును లేని వాహకులైన నల్లజాతివారు పలువురు ఉద్యోగములకును బీమాకును దూరమైరి. వైమానిక దళపు అకాడమీ 1981 వరకు వారికి తలుపు మూసియుంచినది. సైప్రస్ ద్వీపమున మాత్రము 1983 నుండి అచ్చటి చర్చి, పెండ్లికి ముందు తలసేమియా పరీక్ష చేయించుకొన్నట్లు పత్రము తెమ్మన్నది. ఫలితమేమైనను పెండ్లి చేసికొనవద్దని చెప్పలేదు. తెలిసికొనుడు, పిమ్మట మీ ఇష్టమన్నది. అచ్చట ఆ రోగముతో పుట్టు బిడ్డలు మిక్కిలి తగ్గిపోయిరి. మన ప్రాంతమున గట్టు, అనగా వంశము, కలిసినదా, మేనరికమగునా, కట్నమెంత అను ప్రశ్నల నడుమ ఈ కాగితము ఎచ్చట నిలుచును? నా అనుమానము చెప్పెదను: అబ్బాయి కాగితము పెట్టెలో నుండును, అమ్మాయి కాగితము వీధిలో నుండును.

ఇక గర్భము నిలిచిన దంపతులిరువురును వాహకులని తేలినచో, బిడ్డకు రోగమున్నదో లేదో తెలిసికొనుటకు మాయ పరీక్ష పదకొండవ వారము మొదలు, ఉమ్మనీటి పరీక్ష పదునైదవ వారము పిమ్మట చేయుదురు. 1994 నాటి పి.సి.పి.ఎన్.డి.టి. చట్టము ఆడ, మగ తెలిసికొనుటను నిషేధించినదే గాని, ఇటువంటి రక్తరోగములను తెలిసికొనుటను నిషేధింపలేదు. గర్భవిచ్ఛిత్తి చట్టపు 2021 సవరణ ప్రకారము ఇరువది వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలును, కొన్ని ప్రత్యేక సందర్భములలో ఇరువదినాలుగు వరకు ఇరువురిది కావలెను, శిశువునకు తీవ్రమైన లోపమున్నదని వైద్యమండలి తేల్చినచో ఆపైనను వీలున్నది. వయసు వచ్చిన స్త్రీయైనచో ఆమె ఒక్కతె సమ్మతి చాలును. భర్త సంతకము గాని అత్తగారి అనుమతి గాని చట్టము అడుగలేదు. కాగితముపై వారములకు కొరత లేదు. కాని తాలిపేరు యేటి అవతలి గూడెములో గర్భవతి పేరు నమోదగుట ఒక నెల ఆలస్యము, రక్తము వెళ్లి ఫలితము వచ్చుట ఒక మాసము, భర్త రక్తమునకు మరికొన్ని దినములు, ఇంతలో వాగులు పొంగి డోలీయే దారియైనచో, హైదరాబాదు మూడువందల కిలోమీటర్ల పైమాట! చట్టమునకు ఒక పంచాంగము, అడవికి మరియొక పంచాంగము. అందుచేతనే వాహకులను వెదకు రక్తపరీక్ష గర్భముతో కాక బడిలో మొదలుకావలెనని నా మనవి.

ఇంతయు జరిగి, ఉమ్మనీటి పరీక్షలో బిడ్డకు రోగమున్నదని నిశ్చయముగ తేలినదనుకొందము. అప్పుడైన ఆ కాగితము చెప్పునది జన్యువు సంగతి, జీవితము సంగతి కాదు. సికిల్ రోగము ఒకనికి నెలకొక ఆసుపత్రి, మరియొకనికి ఏడాదికొక నొప్పి. హైడ్రాక్సీయూరియా మాత్రలతో బడికి, పొలమునకు పోవువారున్నారు. పుట్టబోవు బిడ్డ వీరిలో ఎవరగునో చెప్పగల పరీక్ష లేదు. కావున "ఉంచుకొనుము" అనుటకు గాని "తీసివేయుము" అనుటకు గాని వైద్యునికి అధికారము లేదని, నాకు అసలే లేదని నా అభిప్రాయము. కడుపు మోసినదానికి ఉన్నది; ఆమెకు ఆలోచించుకొను అవకాశమిచ్చుట తక్కినవారి పని.

పి.సి.పి.ఎన్.డి.టి. చట్టములో నాకు మిక్కిలి నచ్చిన మాట యొకటి కలదు. పరీక్ష వలన కలుగగల దుష్ఫలితములను విప్పి చెప్పి, గర్భవతికి తెలిసిన భాషలో ఆమె సమ్మతిని వ్రాతమూలముగ గైకొనవలెనని అందులో నున్నది. మా బడిలో ఎక్కములు నేర్చిన కోయ బాలిక యొకతె నేడు ఏ.ఎన్.ఎం.గా పనిచేయుచున్నది. మొన్నటి వేసవిలో తునికాకు కోతల కాలమున, ఆమె వెంట నేనొక గూడెమునకు పోయితిని. భార్యాభర్తలిరువురును వాహకులు, ఆమెకు మూడవ నెల. నా శిష్యురాలు తెలుగు కాగితమును ముందు పెట్టుకొని, ఒక్కొక్క పంక్తిని కోయమాటలో చెప్పుచుండెను. నడుమ నడుమ నాకు తెలుగులో చెప్పెను. ఆ తల్లి అంతయు విని మొదటి ప్రశ్న యడిగినది: "ఈ సూది గుచ్చితే బిడ్డ బాగవుతుందా?"

"లేదు. ఉందో లేదో తెలుస్తుంది, అంతే" అనెను నా శిష్యురాలు.

"తెలిసినాక ఏం చెయ్యాలో, అది కూడా రాసుందా ఆ కాగితంలో?"

నా శిష్యురాలు కాగితమును మడిచి సంచిలో పెట్టుకొని, లేవబోయినదల్లా మానుకొని, ఆమె ప్రక్కన ఇప్పచెట్టు నీడన చతికిలబడినది. నేను కొంతదూరము పోయి నిలుచుంటిని. వారి మాటలు పొద్దు వాలువరకు సాగినవి.